నెమరు వేసే గొర్రెలపై చర్యలు

ఆ మాట అన్నది పశువుల డాక్టర్ పురుషోత్తమే. అడిగారు కాబట్టి చెప్పాడు. అడక్కపోతే చెప్పేవాడు కాదు, ఎందుకంటే భోజనాల వేళ దగ్గరపడింది.

పక్క రాష్ట్రంలో ఒక మాంసం దుకాణం మనిషికి గోమార్ల జ్వరం వచ్చిందని పేపర్లో పడింది. గోమార్లంటే పశువుల చెవుల్లో, తొడల సందుల్లో పట్టుకుని రక్తం తాగే పురుగులు. వాటి నుంచి జీవాలకు, మనుషులకు సోకే వైరస్ అది. ఈ జిల్లాలో ఒక్క కేసూ లేదు. కేసు లేకపోయినా అప్రమత్తంగా ఉండాలని పైనుంచి ఆదేశం వచ్చింది. అప్రమత్తంగా ఉండాలంటే ముందు సమావేశం పెట్టాలి. పశుసంవర్ధక శాఖ వారు పెట్టారు.

జాయింట్ డైరెక్టర్ వేదాద్రి గారు, శాఖలో అందరూ జేడీ గారు అనే ఆయన, మైకు దగ్గరికి లాక్కున్నారు. మైకు లేకపోయినా అందరికీ వినపడే గది అది.

“ఈ వ్యాధి సోకిన జీవంలో ప్రధానంగా కనిపించే లక్షణమేమిటి? క్షేత్రస్థాయి అనుభవం గలవారు సభకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.”

ఎవరూ లేవలేదు. ముందు వరుసలో కూర్చున్న పాపానికి పురుషోత్తం లేచాడు.

“ఏమీ కనిపించదు సార్. కొన్నాళ్లు రక్తంలో వైరస్ ఉంటుంది. అయినా గొర్రె మామూలుగా మేస్తుంది, నెమరేస్తుంది, తిరుగుతుంది. తర్వాత దాని ఒళ్లే వైరస్‌ను వదిలించుకుంటుంది. జబ్బు పడేది మనిషే. అందుకని మనం చూడాల్సింది గోమార్లను సార్. గొర్రె మొహం చూస్తే ఏం తెలియదు.”

వేదాద్రి గారు జేబులోంచి కలం తీశారు. ఆయన కలం తీశారంటే ఆలోచన వచ్చిందని శాఖలో అందరికీ తెలుసు.

“అంటే, లక్షణాలు లేకపోవడమే ఈ వ్యాధి లక్షణం.”

“అట్లా కాదు సార్...”

“మీరే సెలవిచ్చారు కదా డాక్టర్. వ్యాధి ఉన్న జీవం ఆరోగ్యంగా కనిపిస్తుంది. అవునా, కాదా?”

“అవును సార్.”

“మరి ఆరోగ్యంగా కనిపించే జీవాన్ని బాధ్యత గల శాఖ ఏ దృష్టితో చూడాలి?”

పురుషోత్తం జవాబు కూడదీసుకునేలోపు వెనక వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. కొట్టినాయన అప్పుడే కునుకు నుంచి లేచి, సమావేశం అయిపోయిందనుకుని కొట్టాడని తర్వాత తెలిసింది. అప్పటికి గదంతా కొడుతోంది. నిలబడి ఉన్నవాడు ఊరికే ఉంటే బాగుండదని పురుషోత్తం కూడా కొట్టాడు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ‘విస్తృత ప్రజాప్రయోజనముల దృష్ట్యా, జిల్లా సరిహద్దు దాటు జీవములన్నిటినీ తనిఖీ చేయవలెను. ఏ విధమైన అనారోగ్య లక్షణములూ కానరాని జీవములను అనుమానితములుగా పరిగణించి నిర్బంధ పరిశీలన కేంద్రమునకు తరలించవలెను. స్పష్టమైన అనారోగ్య లక్షణములు గల జీవములకు సదరు వ్యాధి లేనట్లు ధ్రువీకరించి, అనుమతించవలెను.’

ఉత్తర్వు మొత్తంలో గోమారి అన్న మాట లేదు. పురుషోత్తం ఫోన్ చేసి అడిగాడు.

“గోమారికి కాళ్లెన్ని డాక్టర్?” అన్నారు వేదాద్రి గారు.

“ఎనిమిది సార్.”

“మన శాఖ పరిధి నాలుగు కాళ్లు. కోళ్లను దృష్టిలో పెట్టుకుంటే రెండు. పురుగూ పుట్రా విషయంలో వ్యవసాయ శాఖ వారు ఆరు కాళ్ల దాకా బాధ్యత స్వీకరించారు. ఎనిమిది కాళ్లు ఎవరివో స్పష్టత కోరుతూ పైకి రాశాం. స్పష్టత వచ్చేవరకు ఆ ప్రాణిని మనం ప్రస్తావించడం పరిధి అతిక్రమణ.”

“మందు చల్లుదామంటే...”

“చల్లితే దాన్ని మన శాఖ గుర్తించినట్టవుతుంది. లక్షణాలు లేని జీవానికి మందు మంజూరు చేసే నిబంధన కూడా లేదు. ఆరోగ్యానికి మందేమిటి డాక్టర్?”

పురుషోత్తాన్ని ఎర్రవాగు వంతెన దగ్గర చెక్‌పోస్టుకు వేశారు. ఒక రేకుల గది, ఒక బల్ల, రోడ్డుకు అడ్డంగా ఒక వెదురు బొంగు. బొంగు ఎత్తేందుకు, దించేందుకు అటెండరు ఖాజా. పక్కనే పాడుబడ్డ మార్కెట్ గోదాం. దానికి ‘నిర్బంధ పరిశీలన కేంద్రం’ అని బోర్డు కట్టారు.

మొదటి మంద సాయవ్వది. ఏటా ఎండాకాలం సాయవ్వ, మొగుడు ఐలయ్య మందను తోలుకుని వాగు దాటుతారు. అవతల నల్లరేగడి భూములు. రైతులు రాత్రిపూట తమ చేన్లలో మంద పెట్టించుకుంటారు. గొర్రెలు పడుకున్న చేను ఎరువు వేసినట్టే. మందను కాసేవాళ్లకు ఆ రైతు ఇంట్లో తిండి, మందకు వాళ్ల బావిలో నీళ్లు. ఈ ఏడు ముందు మాట ఇచ్చింది నర్సిరెడ్డి చేనుకు. ఇవతల గడ్డి అయిపోయింది. మందలో సగం గొర్రెలు చూలుతో ఉన్నాయి. అవి అవతలికి పోయి ఈనాలి.

“దండం సారూ. బొంగు లేపుండ్రి, పోతం,” అంది సాయవ్వ.

“ఆగు సాయవ్వా. కొత్త ఆర్డర్ వచ్చింది. మందను చూడాలె.”

“చూడుండ్రి. నా మందను చూసేటందుకు ఆర్డర్ ఎందుకు? అద్దమోలె ఉన్నయ్. ఒక్కదానికి దగ్గు లేదు, ఒక్కదానికి చీమిడి లేదు.”

ఖాజా నుదురు కొట్టుకున్నాడు. “అవ్వా, జర చిన్నగ మాట్లాడు. నీ మందను నువ్వే పట్టిస్తున్నవ్.”

“మేత తింటున్నాయా?” పురుషోత్తం తనిఖీ కాగితం తీస్తూ అడిగాడు.

“తింటున్నయా అని అడుగుతున్నరా? మీరు లేస్తే ఆ కుర్చి గూడ తింటయ్.”

చెక్‌పోస్టు గోడకు అంటించిన ఉత్తర్వు కింది సగం అప్పటికే ఒక పొట్టేలు నోట్లో ఉంది. ఆకలి లోపం లేదని పురుషోత్తం రాసుకున్నాడు. కొన్ని గొర్రెలు రోడ్డు మీదే పడుకుని నెమరు వేయసాగాయి. అది కూడా రాసుకున్నాడు. వెనక ఒక గొర్రె కుంటుతూ వస్తోంది.

“దాని కాలికేమైంది?”

“ముల్లిరిగింది సారూ. పాపం, నడువలేకపోతుంది.”

“అది పోవచ్చు. మిగతావన్నీ గోదాంలకు.”

సాయవ్వ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఖాజా మొహంలోకి చూసింది. ఎవరూ నవ్వడం లేదు.

“కుంటిది పోవాలె, మంచియి లోపలికి పోవాలెనా?”

“మంచిగ ఉన్నయంటేనే జబ్బున్నట్టు అవ్వా,” అని ఖాజా వివరించాడు. “జబ్బుంటే జబ్బు లేనట్టు.”

“నీకు పెండ్లయిందా ఖాజా?”

“అయింది.”

“పిల్లనిచ్చిన్రా నీకు! ఏం చూసి ఇచ్చిన్రు?” సాయవ్వ డాక్టర్ వైపు తిరిగింది. “సారూ, ఒక్క కుంటిగొర్రె పండితే నర్సిరెడ్డి పటేల్ చేను ఎన్నేండ్లకు ఎరువైతది?”

పురుషోత్తం కాగితం మీదికి వంగాడు. సంతకం పెట్టాడు. మంద గోదాంలోకి పోయింది. వెనకే పోయిన సాయవ్వ వెంటనే బయటికి వచ్చింది.

“సారూ, లోపల గోడ నడుస్తుంది.”

పురుషోత్తం వెళ్లి చూశాడు. గోడ పగుళ్లలో గోమార్లు. ఇంతకుముందు ఈ గోదాంలో ఎవరో పశువులను కట్టేశారు. అవి పోయాక గోమార్లు ఆకలితో కూర్చున్నాయి. మంద వాసనకు కిందికి దిగుతున్నాయి. పెద్ద గొర్రెలు ఎట్లాగో తట్టుకుంటాయి. ఆ గోదాంలో ఈనితే, పుట్టిన పిల్లలు తల్లి పాలు తాగే లోపల గోమార్లు వాటి రక్తం తాగుతాయి. ఆ సంగతి సాయవ్వకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

“చూలుగొర్రెలు సారూ. అవతలికి పోయి ఈనాలె. ఈడ ఈనితే ఒక్క పిల్ల దక్కదు,” అందామె. ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు.

“నేను ఏదో ఒకటి చేస్తా,” అన్నాడు పురుషోత్తం. ఏం చేయాలో తెలియనప్పుడు ఆయన అనే మాట అదే.

ఉత్తర్వు పాతబడేకొద్దీ జనం దానికి అలవాటు పడ్డారు. వంతెన దగ్గర టీ కొట్టులో పలకరింపులు మారాయి.

“మీ బర్రెకేమన్న ఉందా అన్నా?”

“లేదు తమ్మీ, మంచిగనే ఉంది.”

“అయ్యో! మరి ఎట్ల?”

పొరుగూళ్లో ఒక మేకకు ఎంతకీ తగ్గని దగ్గు ఉందని తెలిసి, చుట్టుపక్కల వాళ్లు తమ మేకలను తెచ్చి దాని పక్కన కట్టేశారు. దగ్గు అంటుకుంటుందని ఆశ. మేక మీద అంత రద్దీ ఎప్పుడూ పడలేదు కాబోలు, అది దగ్గడం మానేసింది. దాని యజమాని తల పట్టుకున్నాడు. పాల కేంద్రంలో చురుగ్గా ఉన్న బర్రెల పాలు వద్దన్నారు. దాణా ముట్టని బర్రెల పాలు కావాలన్నారు. దాణా ముట్టని బర్రెలు పాలు ఇవ్వలేదు. కేంద్రంలో ఆ వారం క్యాన్లన్నీ శుభ్రంగా ఉన్నాయని నివేదిక వెళ్లింది.

జిల్లా పశు ప్రదర్శన కూడా అప్పుడే వచ్చింది. ఏటా ఆరోగ్యంగా ఉన్న ఎద్దుకు మొదటి బహుమతి ఇవ్వడం ఆనవాయితీ. నిరుటి విజేతను తీసుకొచ్చి, అలవాటు చొప్పున మెడలో దండ వేసి, ఆ దండతోనే వేదిక మీంచి నిర్బంధ పరిశీలనకు తరలించారు. ఈ ఏడు మొదటి బహుమతి లేవలేని ఎద్దుకు దక్కింది. అది పడుకున్న చోటికే వేదికను జరిపారు. ‘మన జిల్లా పశుసంపద ఈ స్థాయికి చేరుకోవడం వెనక శాఖ సిబ్బంది కృషి ఎంతో ఉంది’ అని వేదాద్రి గారు అన్నారు. ఆ మాటతో ఎవరూ విభేదించలేదు.

సాయవ్వ కూడా ఊరుకోలేదు. ఒక పొద్దున పురుషోత్తం చెక్‌పోస్టుకు వచ్చేసరికి మంద మొత్తానికి ముక్కుల కింద తెల్లగా, జిగటగా కారుతోంది.

“జలుబు సారూ,” అంది సాయవ్వ నేల చూపులు చూస్తూ. “రాత్రికి రాత్రే పట్టుకుంది.”

పురుషోత్తం వేలితో ముట్టి వాసన చూశాడు. గంజి. ఉప్పు కూడా వేశారు. చూసీ చూడనట్టు రాసేద్దామని కలం తీశాడు. ఈలోగా ముందు వరుస గొర్రె పక్కదాని ముక్కు నాకింది. దాని ముక్కు ఇంకోటి నాకింది. కలం మూత తీసే లోపల జలుబు మొత్తం నాకేసి, ఇంకా ఉందా అన్నట్టు సాయవ్వ చేతిలోని గిన్నె వైపు చూశాయి.

“ఆకలి బాగుంది,” అన్నాడు ఖాజా విచారంగా.

“ఉప్పెందుకేసినవే?” అన్నాడు ఐలయ్య పెళ్లాంతో. అప్పటిదాకా ఆయన నోరు విప్పింది లేదు.

“నీకేసే గంజిల ఉప్పు లేకుంటే నువ్వు ఊకుంటవా? అదే చేతి అలవాటు.”

ఐలయ్య తన ఉపాయం తాను చేశాడు. గోదాం వాకిట్లో నిప్పు చేసి, ఎండు మిరపకాయలు గుప్పెడు వేసి, గొంగడితో పొగ లోపలికి విసిరాడు. తుమ్ములు వస్తే చాలని ఆయన లెక్క. గాలి మళ్లింది. రేకుల గదిలో పురుషోత్తం తుమ్మాడు. ఖాజా తుమ్మి, బొంగు మీద పడ్డాడు. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు తుమ్మారు. టీ కొట్టాయన కళ్లు తుడుచుకుంటూ తిట్టాడు. మందలో తప్ప వంతెన దగ్గర అందరికీ లక్షణాలు వచ్చాయి. గొర్రెలు నెమరు వేస్తూ వాళ్లను చూశాయి.

సాయవ్వకు నర్సిరెడ్డి ఫోన్ చేశాడు. చేను ఎండగొట్టి పెట్టుకున్నానని, తొలకరి పడితే దున్నాల్సిందేనని, ఇంకా ఆగలేనని, ఇంకో మందను పిలుస్తానని. “ఏ మంద వచ్చినా ఈ బొంగు కాడనే ఆగుతది పటేలా. నీ దిక్కు కుంటియి మాత్రమే వస్తయ్,” అంది సాయవ్వ. ఫోన్ పెట్టేసి గోదాంలోకి పోయింది. మందలో పెద్ద గొర్రెకు పొదుగు దిగింది. ఆమె దాని పక్కన కూర్చుని, చెవి తిరగేసి, ఒక్కొక్క గోమారిని పట్టి తీసి కిరసనాయిలు డబ్బాలో వేస్తోంది. తీసినకొద్దీ గోడ మీంచి వస్తున్నాయి.

“ఉత్త చేతులతో తీయకు సాయవ్వా. మనిషికి వచ్చేది అట్లనే,” అని పురుషోత్తం తన చేతి తొడుగులు ఇచ్చాడు. ఆయనకు శాఖ ఇచ్చిన జత అదొక్కటే.

ఆమె తొడుక్కుంది. “ఎల్లుండి దాటదు సారూ,” అంది గొర్రె పొట్ట మీద చెయ్యి వేసి. “ఏదో ఒకటి జేస్తనన్నరు.”

ఆ మధ్యాహ్నమే వేదాద్రి గారు తనిఖీకి వచ్చారు. వెంట ఫొటోలు తీసే మనిషి. గోదాంలో కుర్చీ వేయించుకుని, గోడకు వీపు ఆనించి కూర్చున్నారు.

“ఇన్ని జీవాల్లో ఒక్కదానికీ ఏ లక్షణమూ లేదు. పరిస్థితి తీవ్రత చూశారా డాక్టర్?”

“చూశాను సార్. సార్, చూలు గొర్రెలున్నాయి. వాటినైనా...”

“వాటి ఆకలి ఎలా ఉంది?”

“బాగుంది సార్.”

“విషాదం,” అన్నారు వేదాద్రి గారు. ఫొటో తీసే మనిషి ఫొటో తీశాడు.

అప్పుడు పురుషోత్తానికి కనిపించింది. గోడ మీంచి దిగిన గోమారి ఒకటి జేడీ గారి చొక్కా కాలరు మీద నడుస్తోంది.

“సార్, మీ కాలరు మీద...”

“ఏమిటి?”

“గోమారి సార్.”

“డాక్టర్!” వేదాద్రి గారి గొంతు లేచింది. “స్పష్టత రాలేదని చెప్పాను. పరిధి!”

“పరిధి సంగతి కాదు సార్, అది మెడ మీదికి...” పురుషోత్తం చెయ్యి చాపాడు. జేడీ గారు ఆ చెయ్యిని మధ్యలోనే ఆపారు.

“నా హోదాలో ఉన్న అధికారి శరీరం మీద మనం గుర్తించని ప్రాణి ఉందని మీరు అధికారికంగా అంటున్నారా?”

పురుషోత్తం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గోమారి కాలరు దాటి, చెవి వెనక్కి చేరి, సర్దుకుంది. సాయవ్వ అంతా చూసింది. “చూలుగొర్రె చెవి కంటే ఆ చెవి మెత్తగుంటది లే,” అని ఖాజా చెవిలో అంది.

మూడోనాటికి జేడీ గారికి జ్వరం. జిల్లా ఆస్పత్రిలో రక్తం తీసి పరీక్షకు పంపారు. చెవి వెనక పట్టుకుని ఉన్నదాన్ని నర్సు తీసేసింది. ఎందుకైనా మంచిది, పట్నం తీసుకెళ్లమన్నారు. పట్నం దారి ఎర్రవాగు వంతెన మీదుగానే. ఎదురుగా ఇసుక లారీ అడ్డం ఉండి, కారు బొంగు దగ్గర ఆగింది. వెనక సీట్లో జేడీ గారు దుప్పటి కప్పుకుని వణుకుతున్నారు.

ఖాజా బొంగు పట్టుకుని పురుషోత్తం వైపు చూశాడు. “లక్షణాలున్నయ్ సార్. పంపొచ్చు కదా?”

ఖాజా వేళాకోళానికి అన్నాడు. పురుషోత్తం మాత్రం నిలబడిపోయాడు. గోదాంలోంచి సాయవ్వ కేక వినపడింది. “సారూ! పెద్దదానికి నొప్పులు మొదలయినయ్!”

పురుషోత్తం కారు అద్దం మీద తట్టాడు. అద్దం కిందికి దిగింది.

“సార్, మీకు జ్వరం ఎక్కడ అంటుకుంది సార్?”

“ఎక్కడేమిటి? మీ పరిశీలన కేంద్రంలోనే. ఈ మంద దగ్గరే.”

“అంటే ఈ మంద నుంచి వచ్చిన జ్వరమే అనుకోవచ్చా సార్?”

“అనుకోవడం కాదు. అదే.”

“మీరు చెప్పినట్టే జరిగింది సార్. వ్యాధి ఉండేది జీవంలో, లక్షణం కనిపించేది మనిషిలో.” పురుషోత్తం గొంతు సర్దుకున్నాడు. “అట్లాంటప్పుడు మీ జ్వరం ఎవరి లక్షణం సార్?”

వేదాద్రి గారు వణకడం ఆపి ఆలోచించారు. అంత జ్వరంలోనూ చెయ్యి జేబు వైపు వెళ్లింది. కలం బయటికి వచ్చింది.

“మంద లక్షణం,” అన్నారు.

“స్పష్టమైన లక్షణం సార్. ఎంతుంది జ్వరం?”

“నూట మూడు.”

“అయితే ఈ మందకు స్పష్టమైన అనారోగ్య లక్షణం ఉన్నట్టే కదా సార్?”

“నిస్సందేహంగా.”

“లక్షణమున్న మందను ఉత్తర్వు ప్రకారం...”

“అనుమతించవలెను.” జేడీ గారి కళ్లు మెరిశాయి. “డాక్టర్, మీరు మొదటిసారి శాఖ స్ఫూర్తిని అర్థం చేసుకున్నారు.”

“లక్షణమున్న జీవాలకు మందు కూడా మంజూరు చేయొచ్చు సార్. మంద మీద, గోదాం గోడల మీద చల్లాలి.”

“ఎందుకు?”

“మీ జ్వరానికి సార్.”

జేడీ గారు కారు సీటు మీదే కాగితం పెట్టి సంతకం చేశారు. సాయవ్వ పరుగున వచ్చి అద్దం దగ్గర వంగి చూసింది.

“సార్ సల్లగుండాలె. డాక్టర్ సారూ, ఈ సారుకు జరం దిగకముందే మమ్మల్ని పంపుండ్రి. దిగితే మల్ల మా మంద మంచిదైతది.”

మందుల గది అక్కడికి దగ్గరే. పురుషోత్తం, ఖాజా, ఐలయ్య కలిసి ఒక్కొక్క గొర్రె మీద మందు చల్లి, చెవులు తడిపి, బొంగు కింద నుంచి వదిలారు. నొప్పులు పడుతున్న గొర్రెను తడిపి, తుడిచి, గొంగట్లో చుట్టి ఐలయ్య భుజాన వేసుకున్నాడు. వంతెన అవతలి చివర, వేప చెట్టు కింద అది ఈనింది. ఇవతల లారీ తొలగి, కారు కదిలింది. తనిఖీ కాగితంలో లక్షణాలు అన్న చోట పురుషోత్తం ఇలా రాశాడు: ‘ఉన్నవి. జాయింట్ డైరెక్టర్ గారికి జ్వరము.’

రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఆ వైరస్ లేదు. మామూలు జ్వరం. తనిఖీకి రాకముందు పశు ప్రదర్శనలో తాగిన నీళ్ల వల్ల కావచ్చన్నారు. పురుషోత్తం ఊపిరి పీల్చుకుని, ఇప్పుడైనా ఉత్తర్వు రద్దవుతుందేమోనని జేడీ గారిని చూడటానికి వెళ్లాడు. జేడీ గారు దిండుకు ఆనుకుని బత్తాయి తింటున్నారు.

“చూశారా డాక్టర్! నాకు లక్షణాలున్నాయి. వ్యాధి లేదని తేలింది. లక్షణాలుంటే వ్యాధి ఉండదన్న మన సూత్రం మనిషి మీద కూడా రుజువైంది.”

కొత్త ఉత్తర్వు ఆస్పత్రి మంచం మీంచే వెలువడింది. ఇకపై జిల్లా దాటే ప్రతి మందకూ శాఖ తరఫున ఒక అధికారిని లక్షణముగా కేటాయించవలెను. సదరు అధికారి మందతో తగినంత సేపు గడిపి జ్వరము తెచ్చుకొనవలెను. ఉత్తర్వు అందిన సాయంత్రానికే శాఖలో సగం మంది సెలవు పెట్టారు. సెలవుకు కారణం అనారోగ్యం అని రాశారు. అనారోగ్యం ఉంది కాబట్టి వాళ్లను వెంటనే మందలకు కేటాయించారు. వంతెన దగ్గర గొర్రెల కాపరులు బొంగు పట్టుకుని, “సారూ, మా మందకు ఒక ఆఫీసర్‌ను ఇప్పియ్యుండ్రి, జర సన్నగున్నాయన అయితే మంచిది, జల్ది పడతడు,” అని ఖాజాను అడుగుతున్నారు.

పురుషోత్తం ఒక పొద్దున వాగు దాటి నర్సిరెడ్డి చేనుకు వెళ్లాడు. గొర్రెల చెవులు చూడాలని వెళ్లాడు. చూశాడు. ఒక్క గోమారి లేదు. పెద్దగొర్రె పిల్ల పాలు తాగి, నల్లరేగడి పెళ్లల మీద ఎక్కి దూకుతోంది. దూకి, గిర్రున తిరిగి, మళ్లీ దూకుతోంది.

సాయవ్వ ఆయన్ను అప్పుడే చూసింది. ఒక్క ఉదుటున లేచి భుజాన ఉన్న గొంగడి ఆ పిల్ల మీద వేసి, ఒళ్లోకి లాక్కుంది.

“ఎగురకు బిడ్డా,” అంది. “ఆ వచ్చేది డాక్టర్ సారు.”

గొంగడి కింద పిల్ల కాళ్లు తన్నుకుంటున్నాయి. పురుషోత్తం చూపు తిప్పుకున్నాడు. చేను వైపు చూస్తూ, ఈ మందకు ఇంకా లక్షణం ఉందని చుట్టుపక్కల ఎవరికైనా వినపడేలా గట్టిగా దగ్గాడు.